హైదరాబాద్‌లో అరోరా కనిపిస్తుందా? సౌర తుఫాన్లపై తరచుగా అడిగే ప్రశ్నలు

టీవీలో "భూమి వైపు సౌర తుఫాను" అని స్క్రోలింగ్ పడిందంటే చాలు, ఫ్యామిలీ గ్రూపుల్లోనూ, ఆఫీసు క్యాంటీన్లలోనూ, బడి పిల్లలకు టెలిస్కోపు చూపించే చోటా నాకు అవే ప్రశ్నలు ఎదురవుతుంటాయి. వాటిని ఇక్కడ ఒకచోట చేర్చాను. ముందే ఒక మాట చెప్పేస్తాను. నార్వే, కెనడా వాళ్ళ దగ్గరికి సౌర తుఫాను రంగుల రూపంలో వస్తుంది, రాత్రి ఆకాశంలో వెలిగే ఆ రంగుల కాంతులే అరోరా. మన దగ్గరికి అంకెల రూపంలో వస్తుంది. ఉప్పల్‌లో భూమి అయస్కాంత క్షేత్రాన్ని చూపే ఒక గీత కిందికి దిగుతుంది, జీపీఎస్ కాస్త తడబడుతుంది, ఉపగ్రహాలను కనిపెట్టుకుని ఉండేవాళ్ళకు ఆ రాత్రి నిద్ర ఉండదు. రంగులు లేవు కాబట్టి మనకు సంబంధం లేదనుకుంటాం. అక్కడే పొరబడుతున్నాం.

అంతరిక్షంలో గాలే లేదు కదా, మరి వాతావరణం ఎక్కడిది?

మనం పీల్చే గాలి లేదు, నిజమే. అలాగని పూర్తి శూన్యమూ కాదు. సూర్యుడి నుంచి ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు అన్ని దిక్కులకూ ఎడతెరిపి లేకుండా ప్రవహిస్తూనే ఉంటాయి. దీన్ని సౌర పవనం అంటారు. వేగం సాధారణంగా సెకనుకు 300 నుంచి 800 కిలోమీటర్లు. భూమి దగ్గరికి వచ్చేసరికి బాగా పలచబడిపోయి, ఒక ఘన సెంటీమీటరులో ఏ ఐదారు కణాలో ఉంటాయి. మనం ప్రయోగశాలలో తయారు చేసే శూన్యంలో కూడా ఇంతకంటే చాలా ఎక్కువ కణాలుంటాయి.

ఇంత పలచని గాలికి భయపడటం ఎందుకని అడగొచ్చు. అది సూర్యుడి అయస్కాంత క్షేత్రాన్ని కూడా తనతో లాక్కొస్తుంది, అదీ సంగతి. ఆ క్షేత్రం, దాని వేగం, అందులోని కణాల సాంద్రత, అప్పుడప్పుడూ దూసుకొచ్చే రేడియేషన్, ఇవన్నీ గంట గంటకూ మారుతుంటాయి. భూమి చుట్టూ వాటి వల్ల జరిగే మార్పులన్నింటినీ కలిపి అంతరిక్ష వాతావరణం అంటున్నారు.

సూర్యుడు ఎందుకిలా చిందులేస్తాడు?

సూర్యుడు గట్టి బంతి కాదు, వేడి ప్లాస్మా ముద్ద, అంటే విద్యుదావేశం ఉన్న కణాల వాయువు. మధ్యరేఖ దగ్గర సుమారు 25 రోజులకు ఒక చుట్టు తిరిగితే, ధ్రువాల దగ్గర అదే చుట్టుకు 30 రోజులు దాటుతుంది. ఈ తేడా వల్ల లోపలి అయస్కాంత రేఖలు మెలితిరిగి, చుట్టలు పడి, అక్కడక్కడా పైకి పొడుచుకొస్తాయి. అలా వచ్చిన చోట కింది వేడి పైకి రావడానికి అడ్డు పడుతుంది. చుట్టూ 5,500 డిగ్రీల సెల్సియస్ ఉంటే ఆ చోటు మాత్రం ఒకటి రెండు వేల డిగ్రీలు తక్కువగా ఉంటుంది కాబట్టి మనకు నల్లగా కనిపిస్తుంది. అదే సూర్యమచ్చ. మచ్చల్లో బలమైన అయస్కాంతత్వం ఉందని 1908లో జార్జ్ ఎలరీ హేల్ తేల్చాడు.

మచ్చల సంఖ్య దాదాపు 11 ఏళ్ళకోసారి పెరిగి తగ్గుతుంది. దీన్ని ముందుగా పసిగట్టినవాడు హైన్రిక్ ష్వాబే, 1843లో. ఇప్పుడు నడుస్తున్నది 25వ చక్రం. 2019 డిసెంబరులో మొదలైంది. గరిష్ఠ దశకు చేరిందని 2024 అక్టోబరులో నాసా, అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా కలిసి ప్రకటించాయి. గరిష్ఠం దాటింది కదా, ఇక గొడవ లేదనుకోవద్దు. పెద్ద తుఫాన్లలో కొన్ని తగ్గుముఖం పట్టాకే వచ్చాయి. 2003 అక్టోబరు చివర్లో వచ్చినవి అలాంటివే.

సౌర జ్వాల, సీఎంఈ రెండూ ఒకటేనా? వార్తల్లో రెండూ కలిపి చెప్తారు.

ఒకటి కాదు. మన వార్తల్లో జరిగే పొరపాట్లలో ఇదే పెద్దది.

సౌర జ్వాల అంటే మెలితిరిగిన అయస్కాంత రేఖలు తెగి కొత్తగా అతుక్కునేటప్పుడు వెలువడే కాంతి, ఎక్స్-రేల మెరుపు. కాంతి కాబట్టి 15 కోట్ల కిలోమీటర్లు దాటి 8 నిమిషాల 20 సెకన్లలో వచ్చేస్తుంది. మనం చూసేసరికే అది వచ్చేసింది, ముందస్తు హెచ్చరిక అంటూ ఉండదు. తీవ్రతను ఏ, బీ, సీ, ఎమ్, ఎక్స్ అనే అక్షరాలతో చెప్తారు. ఒక్కో అక్షరానికీ పది రెట్లు తేడా.

సీఎంఈ, అంటే కరోనల్ మాస్ ఎజెక్షన్, సూర్యుడు విసిరిన పదార్థం. వందల కోట్ల టన్నుల ప్లాస్మా తన అయస్కాంత క్షేత్రంతో సహా బయలుదేరుతుంది. భూమికి చేరడానికి మామూలుగా రెండు మూడు రోజులు పడుతుంది. మరీ వేగంగా వస్తే ఒక రోజు లోపే వచ్చేస్తుంది. 1859లో వచ్చింది 17 గంటల పైచిలుకులో చేరింది. సౌర తుఫానును, అరోరాలను తెచ్చేది ప్రధానంగా ఇదే. జ్వాల లేకుండా సీఎంఈ రావచ్చు, సీఎంఈ లేకుండా జ్వాల రావచ్చు, రెండూ కలిసీ రావచ్చు. అసలు భూమి వైపు రాకుండా ఇంకో దిక్కుకు పోయేవే ఎక్కువ.

అరోరా ఎలా పుడుతుంది? సూర్యుడి కణాలు ధ్రువాల మీద పడితేనే కదా?

స్కూలు పుస్తకాల్లో అలాగే ఉంటుంది. సగం నిజం. భూమి అయస్కాంత క్షేత్రం చాలావరకు సౌర పవనాన్ని పక్కకు మళ్ళిస్తుంది. ఆ ఒత్తిడికి మన క్షేత్రం సూర్యుడి వైపు నొక్కుకుపోయి, రాత్రి వైపు లక్షల కిలోమీటర్ల పొడవున తోకలా సాగుతుంది. అసలు కథ జరిగేది ఆ తోకలో.

వచ్చే సౌర పవనంలోని అయస్కాంత క్షేత్రం దక్షిణం వైపు తిరిగి ఉంటే, ఉత్తరం వైపు ఉన్న మన క్షేత్రంతో అది కలిసిపోతుంది. రేఖలు తెగి, కొత్తగా అతుక్కుంటాయి. తలుపు తెరుచుకున్నట్టే. శక్తి లోపలికి వచ్చి తోకలో పోగవుతుంది. ఒక స్థాయి దాటాక తోకలోని రేఖలు కూడా తెగి అతుక్కుంటాయి, పోగైన శక్తి ఒక్కసారిగా భూమి వైపు విరుచుకుపడుతుంది. ఆ ఊపులో వేగం పుంజుకున్న ఎలక్ట్రాన్లు అయస్కాంత రేఖల వెంట జారి, ధ్రువాల చుట్టూ ఒక వలయంలో, భూమికి 100 కిలోమీటర్లకు పైన ఉన్న పలచని గాలిని ఢీకొంటాయి. ఆక్సిజన్, నైట్రోజన్ ఆ శక్తిని మింగి, కాంతిగా వెనక్కి ఇస్తాయి.

కాబట్టి అరోరా సరిగ్గా ధ్రువం మీద కాదు, ధ్రువం చుట్టూ గుండ్రంగా, అయస్కాంత అక్షాంశం (భూమి అయస్కాంత ధ్రువాలను బట్టి లెక్కించేది) 65 నుంచి 70 డిగ్రీల మధ్య ఎక్కువగా కనిపిస్తుంది. అలాంటి వలయమే దక్షిణాన కూడా ఉంది. అంటార్కిటికాలోని మన మైత్రి, భారతి కేంద్రాల్లో చలికాలం గడిపేవాళ్ళు ఈ కాంతులు చూస్తారు. అరోరా కింద ఉన్న భారతీయ చిరునామాల్లో అవి రెండు!

ఒకసారి పచ్చగా, ఒకసారి ఎర్రగా ఎందుకు?

ఎత్తును బట్టి. సుమారు 100 నుంచి 200 కిలోమీటర్ల మధ్య ఆక్సిజన్ పరమాణువులు 557.7 నానోమీటర్ల పచ్చ రంగు ఇస్తాయి. మన కన్ను ఆ రంగుకే బాగా స్పందిస్తుంది కాబట్టి ఫొటోల్లోనూ, కళ్ళకూ పచ్చే ఎక్కువ. 200 కిలోమీటర్లు దాటాక అదే ఆక్సిజన్ 630 నానోమీటర్ల ఎరుపు ఇస్తుంది. ఈ ఎరుపు బయటికి రావడానికి పరమాణువు దాదాపు రెండు నిమిషాలు ఇంకో కణం తగలకుండా నిలబడాలి. కింద గాలి చిక్కగా ఉండి మధ్యలోనే ఢీకొంటాయి, పైన పలచగా ఉంది కాబట్టి ఆ వెసులుబాటు దొరుకుతుంది. అంచుల్లో కనిపించే నీలం, ఊదా, గులాబీ రంగులు నైట్రోజన్‌వి.

సరే, హైదరాబాద్‌లో అరోరా కనిపిస్తుందా?

ఆచరణలో లేదు. మనం భూగోళం మీద 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నా, అయస్కాంత లెక్కలో తొమ్మిది డిగ్రీల దగ్గరే ఉన్నాం. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణ కొస మీదుగా పోతుంది. అరోరా వలయం ఎంత ఉబ్బినా ఇక్కడిదాకా రావడం అసాధారణం.

2024 మే 10, 11 తేదీల్లో రెండు దశాబ్దాల్లోకెల్లా బలమైన తుఫాను వచ్చింది. ఐదు మెట్ల కొలతలో అది ఐదో మెట్టు, జీ5. అంతకుముందు ఆ మెట్టు ఎక్కింది 2003లో. టెక్సాస్, ఫ్లోరిడాలలో సైతం అరోరా కనిపించింది. డాలస్‌లో ఉన్నవాళ్ళు ఇంటి పెరట్లోంచి తీసిన గులాబీ రంగు ఆకాశాల ఫొటోలు మన ఫోన్లలో నిండిపోయాయి. మన దేశంలో లడఖ్‌లోని హాన్లేలో, భారత ఖగోళ భౌతిక సంస్థ అబ్జర్వేటరీ కెమెరాలకు ఉత్తర దిక్కున ఎర్రటి కాంతి దొరికింది. పచ్చ రంగు ఎందుకు లేదంటే, అరోరా మనకు చాలా ఉత్తరాన ఉంది, మధ్యలో భూమి వంపు అడ్డం. ఊరి పొలిమేర నుంచి చూస్తే గుడి కనిపించదు, గోపురం మీది కలశం ఒక్కటే కనిపిస్తుంది కదా, హాన్లే వాళ్ళకు దొరికింది ఆ కలశం. హాన్లే నుంచి హైదరాబాద్ ఇంకో 15 డిగ్రీలు కింద ఉంది.

అయితే "ఎప్పటికీ కనిపించదు" అని ఒట్టు మాత్రం పెట్టలేను. 1872 ఫిబ్రవరి 4న వచ్చిన తుఫానులో బొంబాయిలో అరోరా కనిపించినట్టు అప్పటి నివేదికలు ఉన్నాయి. అయస్కాంత లెక్కలో బొంబాయి మనకు దాదాపు సమాన వరుసలోనే ఉంది. అలాంటిది మళ్ళీ వచ్చినా హైటెక్ సిటీ దీపాల వెలుగులో ఎవరికైనా ఆనుతుందా అన్నది వేరే సంగతి.

గచ్చిబౌలి మీద అరోరా అని వీడియో వచ్చిందే?

ఎడిటింగ్, లేదా హోర్డింగుల వెలుగు మబ్బుల మీద పడటం, లేదా సూర్యాస్తమయం తర్వాతి గులాబీ రంగు. ఈ మూడింటిలో ఒకటి.

మరి 2024 మేలో హైదరాబాద్‌లో ఏమీ జరగలేదా?

జరిగింది. చూడాల్సిన చోటు ఆకాశం కాదు, ఉప్పల్. అక్కడి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, మనందరం ఎన్‌జీఆర్ఐ అనేది, 1960ల నుంచి భూమి అయస్కాంత క్షేత్రాన్ని కొలుస్తోంది. మెట్రో స్టేషన్‌కు ఆ పేరు పెట్టాక చాలామందికి స్టేషన్‌గా తెలుసు, ఇలాంటి పని ఒకటి అక్కడ జరుగుతుందని తెలియదు. చౌటుప్పల్ దగ్గర కూడా వాళ్ళకు ఇంకో అయస్కాంత పరిశీలన కేంద్రం ఉంది.

హైదరాబాద్‌లో క్షేత్రపు క్షితిజ సమాంతర భాగం సుమారు 40 వేల నానోటెస్లాలు (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ప్రమాణం). తుఫాను ముందు అంచు తగలగానే ఇది ఒక్క ఉదుటున కాస్త పెరుగుతుంది. తర్వాత గంటల తరబడి దిగజారుతుంది. కారణం, తుఫాను వేళ భూమధ్యరేఖకు పైన కొన్ని భూవ్యాసార్ధాల ఎత్తున, కణాలు భూమి చుట్టూ పడమరగా ఒక పెద్ద విద్యుత్ వలయంగా ప్రవహిస్తాయి. ఆ వలయం పుట్టించే క్షేత్రం మన క్షేత్రానికి ఎదురు పనిచేస్తుంది. 2024 మేలో ఈ తగ్గుదల ప్రపంచ సగటు సూచీలో 400 నానోటెస్లాలు దాటింది. అంటే దాదాపు ఒక శాతం. మన చేతిలోని దిక్సూచికి ఇది తెలియదు, పరికరానికి తెలుస్తుంది.

నాకు ముచ్చటగా అనిపించే విషయం ఒకటుంది. సౌర తుఫాను ఎంత బలమైనదో చెప్పే ముఖ్యమైన సూచీని, డీఎస్‌టీ అంటారు, అరోరాలు కనిపించే ఉత్తర ధ్రువ ప్రాంతాల నుంచి లెక్కగట్టరు. హవాయి, జపాన్, ప్యూర్టోరికో, దక్షిణాఫ్రికాల్లోని తక్కువ అక్షాంశ కేంద్రాల నుంచి లెక్కగడతారు. ధ్రువాల దగ్గర అరోరా ప్రవాహాలు కొలతను కలగాపులగం చేస్తాయి. వలయ ప్రవాహం శుభ్రంగా కనిపించేది మనలాంటి చోట్లే. తుఫాను అందం చూడటానికి నార్వే వెళ్ళాలి, బలం తూచడానికి మన వైపు రావాలి.

1859 నాటి కారింగ్టన్ తుఫానుకూ మన దేశానికీ ఏం సంబంధం?

1859 సెప్టెంబరు 1న ఇంగ్లండ్‌లో రిచర్డ్ కారింగ్టన్ మచ్చల బొమ్మ గీస్తుండగా వాటి మీద తెల్లని మెరుపు కనిపించింది. అదే సమయంలో రిచర్డ్ హాడ్జ్‌సన్ కూడా వేరే చోటు నుంచి చూశాడు. మర్నాటికల్లా తుఫాను వచ్చిపడింది. కరేబియన్ దీవుల దాకా అరోరా కనిపించింది, టెలిగ్రాఫ్ తీగల్లో నిప్పురవ్వలు లేచాయి, కొన్ని చోట్ల బ్యాటరీ తీసేసినా సందేశాలు నడిచాయి.

ఆ తుఫాను బలాన్ని ఇవాళ మనం అంచనా వేయగలుగుతున్నామంటే దానికి ముఖ్యమైన ఆధారం బొంబాయి కొలాబా అబ్జర్వేటరీ రికార్డు. క్షితిజ సమాంతర క్షేత్రం సుమారు 1,600 నానోటెస్లాలు పడిపోయినట్టు అక్కడ నమోదైంది. చాలా చోట్ల పరికరాల గీత కాగితం దాటి పోయింది, కొలాబాలో మాత్రం మనుషులు కూర్చుని అంకెలు రాసుకున్నారు. తర్వాత బొంబాయిలో ట్రాములు కరెంటు మీద నడవడం మొదలవుతుందనగా, ఆ సందడి కొలతలను పాడుచేస్తుందని 1904లో ఆ కేంద్రాన్ని అలీబాగ్‌కు తరలించారు.

ఫోన్లు ఆపేసి పడుకోవాలా? "రాత్రి 12:30 నుంచి 3:30 వరకు కాస్మిక్ కిరణాలు" అని మెసేజ్ వచ్చింది.

ఆ మెసేజ్ ఏళ్ళ తరబడి తిరుగుతోంది. ఒక్కోసారి సింగపూర్ టీవీ చెప్పిందంటుంది, ఒక్కోసారి నాసా అంటుంది. తేదీ మాత్రం ఎప్పుడూ "ఈ రాత్రే". సౌర తుఫాను వల్ల మీ ఫోన్ పేలదు, పక్కన పెట్టుకుంటే హాని లేదు. పెద్దవాళ్ళు టెన్షన్ పడి ఫోన్ చేస్తే కోప్పడకుండా ఈ ముక్క చెప్పండి, అంతే.

ఇంటర్నెట్ విషయం కొంచెం వేరు. ఆప్టికల్ ఫైబర్‌లో పోయేది కాంతి, దానికి అయస్కాంత తుఫాను అంటదు. కానీ సముద్రం అడుగు కేబుళ్ళలో మధ్య మధ్య సిగ్నల్ పెంచే పరికరాలకు కరెంటు కావాలి. ఆ కరెంటు తీగ మీద ప్రభావం ఉండొచ్చన్నది నిపుణుల ఆందోళన, అదీ ముఖ్యంగా ఉత్తర అట్లాంటిక్ లాంటి ఎత్తు అక్షాంశాల్లో. ముంబై, చెన్నైలకు వచ్చే కేబుళ్ళ పరిస్థితి దానికంటే నయం.

జీపీఎస్ మీద ప్రభావం ఉంటుందా?

ఉంటుంది. మన ప్రాంతానికి అసలు తలనొప్పి ఇదే. జీపీఎస్ సిగ్నల్ భూమికి రావాలంటే ఐనోస్ఫియర్, అంటే పై వాతావరణంలో విద్యుదావేశం ఉన్న పొర, దాటాలి. అక్కడి ఎలక్ట్రాన్లు సిగ్నల్‌ను కాస్త ఆలస్యం చేస్తాయి. ఆలస్యం అంటే సెకనులో అతి చిన్న భాగమే, కానీ నేల మీద అది మీటర్ల తేడా అవుతుంది.

అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర ఉండటం వల్ల ఈ పొర మన మీద మిగతా ప్రపంచం కంటే అల్లరిగా ఉంటుంది. పగలు రేఖ మీద ఎలక్ట్రాన్లు పైకి లేచి, రెండు పక్కలకూ జారి, అహ్మదాబాద్, భోపాల్ వరుసలో గుట్టగా పడతాయి. పొద్దుగూకాక ఆ పొరలో బుడగల్లాంటి ఖాళీలు ఏర్పడి సిగ్నల్ మినుకుమినుకుమంటుంది. మార్చి, సెప్టెంబరు ప్రాంతాల్లో ఇది ఎక్కువ. దీనికి సౌర తుఫానే రానక్కర్లేదు. తుఫాను వస్తే ఒక్కోసారి పెరుగుతుంది, ఒక్కోసారి పూర్తిగా అణిగిపోతుంది కూడా.

బిర్యానీ తెచ్చే కుర్రాడు పక్క సందులో తిరుగుతున్నాడంటే నేరం సూర్యుడిది కాకపోవచ్చు. ఫోన్ సెల్ టవర్లను, వైఫైని కూడా వాడుకుంటుంది, ఎత్తైన భవనాలు సిగ్నల్‌ను తిప్పికొడతాయి. తేడా తెలిసేది సెంటీమీటర్ల కచ్చితత్వం కావాల్సిన వాళ్ళకు, అంటే భూసర్వే, డ్రోన్లు, విమానాల ల్యాండింగ్. 2024 మే తుఫానులో అమెరికాలో జీపీఎస్ ట్రాక్టర్లతో విత్తే రైతులు కొందరు పని ఆపుకోవాల్సి వచ్చింది. మన విమానాల కోసం ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి నిర్మించిన గగన్ వ్యవస్థ, దేశం మీది ఐనోస్ఫియర్‌ను నిరంతరం కొలిచి సవరణలు పంపుతుంది. ఈ రంగంలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ చాలా ఏళ్ళుగా పరిశోధన జరుగుతోంది.

కరెంటు పోతుందా?

1989 మార్చి 13న కెనడాలోని క్యూబెక్‌లో పోయింది. నిమిషంన్నరలో గ్రిడ్ మొత్తం కూలి, 60 లక్షల మంది తొమ్మిది గంటల పాటు చీకట్లో, చలిలో ఉన్నారు. తుఫాను వేళ భూమి క్షేత్రం వేగంగా మారితే నేలలో, పొడవైన లైన్లలో కరెంటు పుడుతుంది. క్యూబెక్ కింద ఉన్న పాత గట్టి రాతి పలక కరెంటును సరిగా పోనివ్వదు, దాంతో అది లైన్లలోకి ఎక్కి ట్రాన్స్‌ఫార్మర్లను ఇబ్బంది పెట్టింది. అరోరా వలయం కింద ఉన్నచోట ఈ ప్రమాదం ఎక్కువ. మన దగ్గర బాగా తక్కువ. భాగ్యనగరంలో కరెంటు పోతే ముందు గాలివాననో, చెట్టు కొమ్మనో అనుమానించండి.

విమాన ప్రయాణం సంగతి?

భూమి మీద నిలబడ్డ మనకు గాలి, అయస్కాంత క్షేత్రం రెండూ గొడుగు పడతాయి. ఎత్తుకు పోయేకొద్దీ, ధ్రువాల వైపు పోయేకొద్దీ ఆ రక్షణ తగ్గుతుంది. బలమైన రేడియేషన్ తుఫాను వేళ ధ్రువాల మీదుగా వెళ్ళే విమానాలను ధ్రువాలకు దూరంగా ఉన్న దారుల్లోకి మళ్ళించడం మామూలే. రేడియేషన్ కంటే ముందు, అక్కడ దూరప్రాంత రేడియో సంబంధాలు తెగిపోవడం పెద్ద కారణం.

2025 నవంబరు చివర్లో శంషాబాద్ నుంచి వెళ్ళే కొన్ని విమానాలు ఆలస్యమై చాలామంది తిట్టుకున్నారు గుర్తుందా? తీవ్రమైన సౌర రేడియేషన్ వల్ల ఏ320 రకం విమానాల్లో నియంత్రణకు అవసరమైన డేటా చెడిపోయే అవకాశం ఉందని ఎయిర్‌బస్ చెప్పింది. ప్రపంచవ్యాప్తంగా సుమారు 6,000 విమానాల్లో సాఫ్ట్‌వేర్ మార్చాల్సి వచ్చింది, వాటిలో మన దేశపు విమానాలూ వందల్లో ఉన్నాయి. అంతరిక్ష వాతావరణం మన టికెట్ మీదికి వచ్చిన సందర్భం అది.

ఉపగ్రహాలకు ఏమవుతుంది?

తుఫాను వేళ పై వాతావరణం వేడెక్కి ఉబ్బుతుంది. తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహాలకు గాలి రాపిడి పెరుగుతుంది. 2022 ఫిబ్రవరి 3న స్పేస్ఎక్స్ పంపిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో 40 దాకా ఇలాగే కక్ష్య ఎక్కలేక కాలిపోయాయి. చిత్రమేమిటంటే అది పెద్ద తుఫాను కూడా కాదు. షాద్‌నగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం అందుకునే భూ పరిశీలన చిత్రాలు కూడా ఇలాంటి కక్ష్యల్లోని ఉపగ్రహాల నుంచే వస్తాయి. పంట అంచనా, వరద మ్యాపు లాంటివన్నీ అటునుంచే.

ముందే చెప్పలేరా, వాన గురించి చెప్పినట్టు?

వాన గురించే సరిగ్గా చెప్పలేకపోతున్నారని మీరంటారని తెలుసు. ఇక్కడ పరిస్థితి ఇంకా కష్టం. సీఎంఈ బయలుదేరిందని కొన్ని గంటల్లోనే తెలుస్తుంది, ఎప్పుడు చేరుతుందో అటూ ఇటూగా చెప్పగలరు. అందులోని అయస్కాంత క్షేత్రం ఉత్తరంగా ఉందా, దక్షిణంగా ఉందా అన్నది మాత్రం అది దాదాపు గుమ్మం ముందుకు వచ్చేదాకా తెలియదు. ఉత్తరమైతే పెద్ద సీఎంఈ కూడా చప్పబడిపోతుంది. అందుకే "భారీ తుఫాను" అని ఊదరగొట్టి చివరికి ఏమీ జరగని రోజులుంటాయి. శాస్త్రవేత్తలను తిట్టి లాభం లేదు.

ఆ గుమ్మం పేరు ఎల్1. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడి వైపు ఉన్న బిందువు. అక్కడ సోహో, ఏస్ లాంటి నౌకలు ఎప్పటి నుంచో ఉన్నాయి. మన ఆదిత్య-ఎల్1 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ57 మీద వెళ్ళి, 2024 జనవరి 6న ఆ బిందువు చుట్టూ కక్ష్యలో చేరింది. దాని మీద ఏడు పరికరాలున్నాయి. కొన్ని సూర్యుడి వైపు చూస్తాయి, కొన్ని అక్కడికక్కడే సౌర పవనాన్ని, క్షేత్రాన్ని కొలుస్తాయి. సెకనుకు 800 కిలోమీటర్ల వేగంతో వచ్చేది ఎల్1 దాటాక భూమికి చేరడానికి అరగంట. 400 అయితే గంట. చేతిలో ఉన్న కచ్చితమైన హెచ్చరిక అంతే.

సౌర తుఫాను వల్లేనా ఎండలు ఇంత మండుతున్నాయి?

కాదు. ఏప్రిల్, మే ఎండలకు కారణాలు వేరు. సౌర చక్రంలో సూర్యుడి మొత్తం కాంతిలో వచ్చే తేడా వెయ్యింట ఒక వంతు.

గర్భిణులు బయటికి రాకూడదా? నేలమాళిగలో ఉండాలా?

అవసరం లేదు. భూమి మీద ఉన్నవారి ఆరోగ్యానికి సౌర తుఫానుతో ముప్పు లేదు. ముప్పు వ్యోమగాములకు. 1972 ఆగస్టులో, అపోలో 16కూ 17కూ మధ్య వచ్చిన తుఫాను సమయంలో మనుషులు చంద్రుడి దారిలో ఉండి ఉంటే జబ్బుపడేవారు.

సూర్యుడి అధ్యయనంలో తెలుగు నేలకు చోటుందా?

గట్టి చోటే ఉంది, మనం చెప్పుకోం గానీ. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన గుంటూరు, మచిలీపట్నం మీదుగా వెళ్ళింది. ఫ్రెంచి శాస్త్రవేత్త జూల్స్ జాన్సెన్ గుంటూరులో మకాం వేసి, సూర్యుడి అంచున లేచే జ్వాలాస్తంభాల కాంతిని వర్ణపటమాపకంతో పరిశీలించాడు. గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా చూడొచ్చని అక్కడే అతనికి తట్టింది. మర్నాడే చూశాడు. ఆ గ్రహణంలో కనిపించిన పసుపు గీతే హీలియం ఆవిష్కరణకు దారితీసింది. ఆ స్తంభాలు తెగి ఎగిరిపోయినప్పుడు చాలాసార్లు సీఎంఈలవుతాయని తెలియడానికి మరో వందేళ్ళు పట్టింది.

హైదరాబాద్‌లో 1901లో నవాబ్ జఫర్ జంగ్ నెలకొల్పిన నిజామియా అబ్జర్వేటరీ తర్వాత బేగంపేటకు చేరింది. అక్కడ పనిచేసిన ఉద్యోగి కొడుకు వేణు బాపు ఈ ఊళ్ళోనే పెరిగి, నిజాం కాలేజీలో చదివి, 1960లో కొడైకెనాల్ సౌర అబ్జర్వేటరీ పగ్గాలు పట్టాడు. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ గ్రహణం నాడు ఉస్మానియా వారి జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ సరిగ్గా నీడ దారిలో పడింది. శాస్త్రవేత్తలు అక్కడికి తరలివచ్చారు.

అరోరా చూడాలని ఉంది. ఎక్కడికి, ఎప్పుడు వెళ్ళాలి?

నార్వేలో ట్రోమ్సో, ఫిన్లండ్‌లో రోవానియెమి, ఐస్‌లాండ్, కెనడాలో ఎల్లోనైఫ్, అలాస్కాలో ఫెయిర్‌బ్యాంక్స్. సెప్టెంబరు నుంచి మార్చి దాకా. వేసవిలో వెళ్తే డబ్బు దండగ, అక్కడ రాత్రే సరిగా ఉండదు. విషువత్తుల దగ్గర, అంటే మార్చి, సెప్టెంబరు చివర్లలో, మన క్షేత్రంతో సౌర క్షేత్రం కలిసే అవకాశం పెరుగుతుంది. నా సలహా అడిగితే సెప్టెంబరు. చలి తక్కువ, దసరా సెలవుల దగ్గర. అమావాస్య చూసుకుని, కనీసం నాలుగైదు రాత్రులు ఉండేలా ప్లాన్ చేసుకోండి. మబ్బు పడితే ఎంత గొప్ప తుఫానైనా వృథా.

ఫోన్‌లో నైట్ మోడ్ పెట్టి కొన్ని సెకన్లు కదలకుండా పట్టుకుంటే కంటికి బూడిద రంగులా ఉన్నది కూడా పచ్చగా వస్తుంది. ఇన్‌స్టాలో చూసినంత రంగు కంటికి కనిపించకపోతే నిరాశపడొద్దు, మోసపోయామనీ అనుకోవద్దు. అమెరికాలో మీ పిల్లలుంటే ఇంత ఖర్చు కూడా అక్కర్లేదు. మినెసోటా, మిషిగన్ ఉత్తర భాగాల్లో మంచి తుఫాను రోజున ఊరి బయటికి కారులో వెళ్తే చాలు.

కేపీ 7 అంటారు, కేపీ 5 అంటారు. ఏమిటది?

ప్రపంచవ్యాప్తంగా అయస్కాంత అలజడిని మూడు గంటలకోసారి 0 నుంచి 9 వరకు చెప్పే సూచీ. 5 అంటే జీ1 తుఫాను, 9 అంటే జీ5. అంచనాలు యూటీసీ సమయంలో ఉంటాయి, మన టైముకు ఐదున్నర గంటలు కలుపుకోండి. హాన్లేలో ఎరుపు కనిపించాలంటే 8, 9 కావాలి. హైదరాబాద్‌కు సంబంధించినంతవరకు ఆ రాత్రి డాబా ఎక్కడం కంటే మీ పిల్లల చేత ఆన్‌లైన్‌లో డీఎస్‌టీ గ్రాఫు తెరిపించడం మేలు.

ఇక్కడే ఉండి పిల్లలకు ఏదైనా చూపించొచ్చా?

సూర్యమచ్చలు. నేరుగా సూర్యుడి వైపు, టెలిస్కోపులోంచి గానీ బైనాక్యులర్‌లోంచి గానీ, ఎట్టి పరిస్థితుల్లోనూ చూడొద్దు. ఎక్స్-రే ఫిల్ములు, మసి పూసిన గాజు ముక్కలు పనికిరావు. గ్రహణం కళ్ళద్దాలతో చూస్తే మరీ పెద్ద మచ్చలు మాత్రం అందుతాయి. 2024 మే తుఫానుకు కారణమైన మచ్చల గుంపు భూమికి పదిహేను రెట్ల వెడల్పు ఉండటంతో అలాగే కనిపించింది. చిన్న టెలిస్కోపు నుంచి బొమ్మను తెల్ల కాగితం మీద పడేలా చేయడం అన్నింటికంటే సులువు, కాకపోతే పెద్దవాళ్ళు పక్కనే ఉండాలి. బిర్లా ప్లానిటోరియంకు తీసుకెళ్తే సూర్యుడి గురించి ముందు కాస్త అవగాహన వస్తుంది.

కాగితం మీద గుండ్రం గీసి, రోజూ ఒకే సమయానికి మచ్చ ఎక్కడుందో గుర్తు పెట్టించండి. రోజుకు దాదాపు 13 డిగ్రీలు జరుగుతుంది. వానాకాలంలో ఈ పని పెట్టుకోవద్దు, మబ్బులకు మధ్యలో రోజులు పోతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మన ఊళ్ళో ఆకాశం బాగుంటుంది. పడమటి అంచు దాటి మాయమైన మచ్చ చెదిరిపోకుండా ఉంటే, రెండు వారాల్లో తూర్పు అంచున మళ్ళీ వస్తుంది.